ఆకాశానికి సున్నం కొడతారట!

పిడుగురాళ్ల పేరు చెప్పగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది సున్నం. ఊరి చుట్టూ ముగ్గురాయి గనులు, సున్నపు బట్టీలు, ముగ్గు మిల్లులు. బట్టీల వైపున్న వేపచెట్ల ఆకులు వేసవి పొడుగునా తెల్లబారి ఉంటాయి. తొలకరి గట్టిగా పడిన రోజున గానీ వాటి అసలు పచ్చదనం బయటపడదు. ఈ ఊరివాళ్లకు ధూళి అంటే ఏమిటో, అది ఎక్కడ లేచి ఎక్కడ వాలుతుందో ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ ఊరి మిత్రుడొకరు ఈమధ్య నవ్వుతూ ఒక మాట అన్నారు. "భూమి వేడెక్కిపోతున్నదని విదేశాలలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆకాశంలో సున్నపురాయి పొడి చల్లాలని చూస్తున్నారటండీ! ఇక మన సరుకుకు మంచి రోజులొచ్చినట్టే." ఆయన హాస్యానికే అన్నారు. ఆ వార్తలో మాత్రం హాస్యమేమీ లేదు. అగ్నిపర్వతాలు చేసే పనిని మనిషే పూనుకుని చేస్తే భూమి చల్లబడుతుందన్న ఆలోచన ఇవాళ విశ్వవిద్యాలయాల గోడలు దాటి కంపెనీల లెక్కల పుస్తకాలలోకి వెళ్లింది. ఆ ఆలోచనకు పల్నాటి నేల మీద నిలబడి ఒక అభ్యంతరం చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందుగా అగ్నిపర్వతం చేసే పనేమిటో చూద్దాం. పర్వతం పేలినప్పుడు ఎగసే నల్లటి బూడిదే ఎండను అడ్డుకుంటుందని చాలామంది అనుకుంటారు. బూడిద బరువైనది. కొన్నాళ్లలో, మహా అయితే కొన్ని వారాలలో కిందికి దిగిపోతుంది. అసలు పని చేసేది గంధకం. పేలుడు బలమైనదైతే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు మేఘాలను దాటి స్ట్రాటో ఆవరణంలోకి చేరుతుంది. అక్కడ కొన్ని వారాల వ్యవధిలో గంధకామ్లపు సూక్ష్మ బిందువులుగా మారుతుంది. ఆ బిందువులు ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయితేనేం, కోటానుకోట్లుగా పరుచుకుని సూర్యకాంతిలో కొంత భాగాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతాయి.

మన బట్టీల ధూళికీ ఆ ధూళికీ తేడా ఎత్తులో ఉన్నది. మన ఉష్ణమండలంలో మబ్బులూ వానలూ ఉండే పొర దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తు వరకే. ఆ లోపల తిరిగే ధూళిని వాన కడిగేస్తుంది. ఆ పైకి చేరినదానిని కడిగే వాన లేదు. అది ఏడాది, రెండేళ్ల పాటు అక్కడే తేలుతూ, గాలుల వెంట భూగోళమంతా చుట్టి వస్తుంది. వేపాకు మీది సున్నం మన ఊరి సంగతి. ఆ ఎత్తుకు చేరినది ఏ ఊరి సంగతీ కాదు, అన్ని ఊళ్ల సంగతీ.

1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లోని పినటూబో పేలి, సుమారు కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను పైకి చిమ్మింది. మరుసటి సంవత్సరం భూగోళపు సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. అది చూసినవారికి సహజంగానే ఒక ఊహ వచ్చింది. ఓజోన్ మీద పరిశోధనకు 1995లో నోబెల్ బహుమతి పంచుకున్న పాల్ క్రట్జెన్ 2006లో ఒక వ్యాసం రాసి, కర్బన ఉద్గారాలు తగ్గించడంలో ప్రభుత్వాలు విఫలమవుతున్నాయి గనుక, స్ట్రాటో ఆవరణంలో గంధకం చల్లే విషయాన్ని కనీసం పరిశోధించాలని వాదించారు. అప్పటిదాకా ఆ మాట పైకి అనడానికి శాస్త్రవేత్తలే సంకోచించేవారు. ఆ పెద్దాయన అన్న తరువాత సంకోచం పోయింది.

తరువాత సున్నం వంతు వచ్చింది. గంధకామ్లం ఓజోన్ పొరకు చేటు చేస్తుంది. సున్నపురాయి పొడి అయితే ఆమ్లాన్ని విరిచేస్తుంది గనుక ఆ చేటు ఉండదని హార్వర్డ్ పరిశోధకులు లెక్క కట్టారు. రెండు కిలోలకు మించని పొడిని బెలూన్‌తో పైకి పంపి చూద్దామనుకున్నారు. అందుకు ముందు మెట్టుగా 2021లో స్వీడన్‌లోని కిరునా నుంచి వట్టి పరికరాన్ని ఎగరేద్దామనుకుంటే, ఆ ప్రాంతపు ఆదివాసులైన సామీ ప్రజల మండలి అడ్డు చెప్పింది. తమను అడగకుండా తమ ఆకాశంలో ఈ పనేమిటన్నది వారి ప్రశ్న. ప్రయోగం ఆగింది. 2024లో ఆ పథకాన్నే విరమించుకున్నారు. ఈలోగా మేక్ సన్‌సెట్స్ అనే అమెరికా సంస్థ 2022లో మెక్సికోలో ఎవరినీ అడగకుండానే గంధక వాయువు నింపిన చిన్న బెలూన్లు వదిలింది. సంగతి తెలిసి, ఇటువంటి ప్రయోగాలను నిషేధిస్తామని మెక్సికో ప్రభుత్వం 2023 జనవరిలో ప్రకటించింది. వదిలిన వాయువు కొద్దిగ్రాములే కావచ్చు. గ్రాములకు అడగనివాడు టన్నులకు అడుగుతాడన్న పూచీ ఏమిటి?

ఇదంతా ఎక్కడో స్వీడన్, మెక్సికోల గొడవ, మధ్యలో పల్నాటికి ఏమి పని అని అడగవచ్చు. దూరపు కొండ పేలిన ఫలితం తెలుగునేల మీద పడటం కొత్త కాదు. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరున్నది. అక్కడ భూమిలో తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. అది సుమారు 74 వేల ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో పేలిన టోబా పర్వతపు బూడిద. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా ప్రభృతులు అక్కడ తవ్వి, బూడిద పొరకు కిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లను వెలికి తీసి 2007లో ప్రకటించారు. ఇక 1883 ఆగస్టులో క్రకటోవా పేలిన కొద్ది రోజులకే, సెప్టెంబరులో మద్రాసులో జనం ఆకుపచ్చని సూర్యుణ్ణి చూశారు. ఎక్కడి సుమత్రా, ఎక్కడి బనగానపల్లె! ఆకాశానికి పొలిమేర రాళ్లు లేవు.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి మాత్రం నందన నామ సంవత్సరానిది. 1832-33లో గుంటూరు సీమను పట్టిన కరువును మన పెద్దలు నందన కరువనీ, డొక్కల కరువనీ అన్నారు. పల్నాడు కూడా ఆనాటి గుంటూరు జిల్లాలోనిదే. వానలు మొహం చాటేశాయి. గింజ దొరకలేదు. జనం గుంపులు గుంపులుగా ఊళ్లు విడిచి, నడిచిన దారుల వెంటే రాలిపోయారు. ఐదు లక్షల జనాభా గల జిల్లాలో సుమారు రెండు లక్షల మంది చనిపోయారని తరువాతి నివేదికలు చెబుతాయి. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరు. ఆ అంకెను చదివి ముందుకు వెళ్లిపోకుండా, మీ ఇంట్లో అన్నానికి కూర్చునే ఐదుగురిని ఒక్కసారి తలచుకోండి.

ఆ కరువుకు సరిగ్గా ఒక ఏడాది ముందు, అనగా ఖర నామ సంవత్సరంలో, ఎక్కడో ఒక పెద్ద అగ్నిపర్వతం పేలింది. 1831లో భూమి మీద పలుచోట్ల సూర్యుడు నీలంగా, ఆకుపచ్చగా కనిపించాడు. ధ్రువప్రాంతాల మంచు పొరలలో ఆ ఏటి గంధకం పేరుకుని ఉన్నది. ఉత్తరార్ధగోళం దాదాపు ఒక డిగ్రీ చల్లబడింది. పేలినది ఏ పర్వతమో మాత్రం ఎవరికీ తెలియదు. మంచులో చిక్కిన సూదిమొనంత గాజు రేణువులను వెతికి పట్టి, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్ హచిసన్ బృందం 2024 డిసెంబరు చివరలో దాని చిరునామా ప్రకటించింది. జపాన్‌కూ కమ్చట్కాకూ నడుమ కురిల్ దీవులలో, మనుషులు లేని సిముషిర్ అనే దీవి మీది జవరిత్స్‌కీ పర్వతం అది. నేరం జరిగిన 193 ఏళ్లకు అనుమానితుడి పేరు బయటపడిందన్నమాట.

అనుమానితుడు అన్నది తెలిసే వాడుతున్నాను. పర్వతం పేలడం నిజం, భూమి చల్లబడటం నిజం, మరుసటి ఏడు గుంటూరులో వాన లేకపోవడం నిజం. మొదటి రెంటికీ మూడోదానికీ నడుమ ముడి బల్లగుద్ది వేయగల శాస్త్రవేత్త లేడు. ఉత్తరార్ధగోళం చల్లబడితే ఉష్ణమండలపు వానపట్టీ దక్షిణానికి జరుగుతుందన్న సూత్రం ఆ అనుమానాన్ని బలపరుస్తుంది. 1912లో అలాస్కాలో కట్మై, 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ పేలిన మరుసటి ఏళ్లలో సహారా దిగువనున్న సహేల్ ప్రాంతం ఎండిపోవడం కూడా అదే దిక్కు చూపుతుంది. అయినా నైరుతి ఋతుపవనం విఫలం కావడానికి సవాలక్ష కారణాలు ఉంటాయి. 1876-78 నాటి ధాత కరువుకు అగ్నిపర్వతమే అక్కరలేకపోయింది. పసిఫిక్ సముద్రపు ఎల్ నినో చాలింది.

పైగా వాన పోతే పంట పోతుంది, అంతే. రెండు లక్షల మంది పోవడానికి పరిపాలన కూడా కావాలి. ఆనాటికి గుంటూరు కుంపిణీ చేతిలో ఉండి నాలుగు దశాబ్దాలు దాటింది. శిస్తు వసూలులో చూపిన శ్రద్ధ చెరువుల మీద చూపలేదు. కృష్ణానది నిండుగా పారే నేల మీదనే జనం నీరు లేక చచ్చారు. మనుషులు పోయి, శిస్తు పడిపోయిన తరువాత గదా బెజవాడ దగ్గర ఆనకట్ట తలపెట్టారు! 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆ ఆనకట్ట కూడా డెల్టాకే గాని పల్నాటికి కాదు. పల్నాటి పొలాలకు కాలువ నీరు 1967లో నాగార్జునసాగర్ తలుపులు ఎత్తిన తరువాతి మాట. కాబట్టి నందన కరువును జవరిత్స్‌కీ మీదికి నెట్టి కుంపిణీని నిర్దోషిగా విడిచిపెట్టడానికి నేను సిద్ధంగా లేను. దొరలు ఆకాశాన్ని చూపించి చేతులు దులుపుకోవడం మనకు కొత్త కాదు.

ఇక్కడే నా అభ్యంతరానికి మూలం ఉన్నది. సహజమైన కరువులోనే బాధ్యుణ్ణి పట్టుకోలేకపోయాం. ఒక పర్వతం పేరు కనుక్కోవడానికే 193 ఏళ్లు పట్టింది. రేపు ఎవరో ఒక దేశం వారో, కంపెనీ వారో పైన పొడి చల్లుతారు. ఆ మరుసటి ఏడు కృష్ణ ఎగువన వాన పడదు. శ్రీశైలం నిండదు, సాగర్ నిండదు, కుడికాలువ కింద మిరప, పత్తి ఎండిపోతాయి. అప్పుడు మన రైతు ఎవరిని అడగాలి? ఏ కోర్టులో అడగాలి? "ఈ కరువు మా పొడి వలన వచ్చిందని రుజువు చెయ్యి" అంటారు వాళ్లు. ఆ రుజువు ఎన్నటికీ దొరకదు. వాన ఎప్పుడూ ఒక్క కారణంతో పడదు, ఒక్క కారణంతో ఆగదు. రుజువు కాని నేరానికి శిక్ష ఉండదు, నష్టపరిహారమూ ఉండదు. ఇంతకన్నా అనుకూలమైన వ్యాపారం భూమి మీద మరొకటి కనబడదు. ఇక్కడి పాలకులకు కూడా ఇది వరమే. చేతకానితనం ఎంతున్నా, పైనున్న పొడి మీదికి తోసేయవచ్చు. పైవాళ్లు ప్రకృతి మీదికి తోస్తారు. నడుమ రైతు మాత్రం నందనలో ఉన్నచోటనే ఉంటాడు.

అవతలి పక్షం వాదనలో బలం లేదని నేను అనను. వారి గట్టి మాటను పల్నాటి మీదనే పరీక్షిద్దాం. వేసవి వస్తే పత్రికలలో రెంటచింతల పేరు కనిపించని రోజు ఉండదు. 46 డిగ్రీలు దాటిన ఎండలో రాళ్లు కొట్టేవారు, బట్టీలలో రాయి పేర్చేవారు మనవాళ్లే. 2015 మే, జూన్ నెలలలో ఆంధ్ర, తెలంగాణలలో కలిపి వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. "ఇంత ఎండలో మాడుతూ నీడ వద్దంటావా? ధనిక దేశాలలో ఏసీ గదులలో కూర్చునేవాడు వద్దన్నా అర్థముంది, నువ్వు అనడమేమిటి?" అని వారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

నా జవాబు ఇది. పల్నాటికి నీడ ఒక్కటే చాలదు, వాన కావాలి. ఈ పద్ధతిలో ఆ రెండూ ఒక్క చేతితో ఇవ్వడం కష్టం. వేసవిలో నేల వేడెక్కి, సముద్రం అంతగా వేడెక్కకపోవడం వల్లనే గదా నైరుతి గాలి మన వైపు వీస్తుంది! ఎండను తగ్గిస్తే సముద్రం కన్నా నేల త్వరగా చల్లబడుతుంది, ఆ తేడా తగ్గుతుంది, గాలి బలం తగ్గుతుంది. పినటూబో పేలిన మరుసటి ఏడు భూమి మీద నేలప్రాంతాలలో కురిసిన వాన కూడా బాగా తగ్గిందని లెక్కలున్నాయి. అన్ని అక్షాంశాలలో సమపాళ్లలో, కొద్దికొద్దిగా చల్లితే ఇంత కీడు ఉండదని వారంటారు. కంప్యూటరు నమూనాలో ఉండకపోవచ్చు. నమూనాలో అందరూ మాట వింటారు. బయట ప్రపంచంలో యాభై ఏళ్ల పాటు, యుద్ధాలు వచ్చినా ఎన్నికలు వచ్చినా, ప్రతి దేశమూ ఒప్పందం ప్రకారం సమపాళ్లలో చల్లుతుందని నమ్మాలంటే నాకు కావేరి, కృష్ణా నీటి పంచాయితీలు అడ్డు వస్తున్నాయి. కంటికి కనబడే నదిని కొలిచి పంచుకోలేనివాళ్లం, కనబడని ధూళిని కొలిచి పంచుకుంటామా?

ఇంకొక చిక్కు ఉన్నది. ఆ ధూళి రెండేళ్లకు దిగిపోతుంది. మనం వదిలిన బొగ్గుపులుసు వాయువులో పెద్ద భాగం శతాబ్దాల పాటు పోదు. కాబట్టి ఒకసారి మొదలుపెడితే ఏటేటా చల్లుతూనే ఉండాలి. ఏ కారణం చేతనైనా ఆపితే, అన్నాళ్లూ తొక్కిపట్టిన వేడి కొద్ది ఏళ్లలోనే ఒక్కసారిగా మీద పడుతుంది. పులి మీద ఎక్కి కూర్చోవడం తేలికే, దిగడమే ఎవరికీ తెలియదు. అందులోనూ ఎక్కేది ఒకడు, దిగేటప్పుడు పులి నోట్లో పడేది మరొకడు.

మన తప్పు మనమూ చెప్పుకోవాలి. సున్నపు బట్టీ ఏమీ పుణ్యక్షేత్రం కాదు. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. కాల్చడానికి వేసే బొగ్గు పొగ దీనికి అదనం. మన వంటి ఊళ్లు కూడా ఆకాశం వేడెక్కడంలో తమ వంతు పాలు పంచుకున్నాయి. అందుకని రాయి కాల్చి గాలి పాడుచేసి, అదే రాయిని పొడి చేసి ఆకాశానికి పూసి బాగుచేస్తామనడం, ముందు ఇల్లు తగలబెట్టి తరువాత గోడలకు వెల్ల వేసినట్లుంటుంది. బట్టీని మార్చుకోవడం, బొగ్గు తగ్గించుకోవడం కష్టమైన పనులే. ఆ కష్టం తప్పించుకోవడానికి ఒక దొడ్డిదారి ఉన్నదని చెప్పేవాడు మాత్రం మనకు హితుడు కాడు.

పరిశోధనే వద్దని నేను అనడం లేదు. టోబా బూడిదను తవ్వినదీ, జవరిత్స్‌కీని పట్టుకున్నదీ పరిశోధనే. తెలుసుకోవడం వేరు, చల్లడం వేరు. 2024లో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో ఈ విషయం మీద ఒక నిపుణుల బృందాన్ని వేద్దామని స్విట్జర్లాండ్ ప్రతిపాదిస్తే, దేశాల నడుమ ఏకాభిప్రాయం కుదరక దానిని వెనక్కి తీసుకున్నారు. చర్చకే ఒప్పుకోని ప్రపంచం నియంత్రణకు ఎప్పుడు ఒప్పుకుంటుంది? వానమీద బతికే దేశాలలో మనదే పెద్దది గనుక, మన ప్రభుత్వం గట్టిగా చెప్పవలసిన మాట ఒకటున్నది. ఋతుపవనం మీద ఆధారపడ్డ ప్రజలు ఒప్పుకోనిదే ఎవరూ ఆ ఎత్తున ఏదీ చల్లరాదు. మన విశ్వవిద్యాలయాలు చేయవలసిన పనీ ఒకటున్నది. ఇటువంటి ప్రయోగం కృష్ణా పరీవాహకంలో వానను ఏమి చేస్తుందో మన లెక్క మనమే కట్టుకోవాలి. ఎవరో కట్టిన లెక్కకు సంతకం పెట్టే దురవస్థ రాకూడదు.

నందన కరువులో చనిపోయినవారికి తమ ఆకాశంలో ఏమి జరిగిందో తెలియదు. కురిల్ దీవుల పేరు కూడా వారు విని ఉండరు. వారిని అడిగి ఆ పర్వతం పేలలేదు, కొండకు ఆ వివేకం ఉండదు కాబట్టి దానిని తప్పుపట్టలేము. రేపు చల్లబోయేవారికి నోరుంది, చెవులున్నాయి. వారు అడగాలి. అడిగినప్పుడు వద్దనే హక్కు పిడుగురాళ్ల బట్టీ కూలీకీ, రెంటచింతల రైతుకూ ఉండాలి. ఆ హక్కు కాగితం మీదికి ఎక్కేదాకా మా ఊరి సున్నం గోడలకే ఉండనివ్వండి.